తీసేయమన్నదే తీయండి: కమర్షియల్ ఫొటోగ్రాఫర్ సొంత పని మొదలుపెట్టడం ఎలా

కోకాపేట దగ్గర ఒక అపార్ట్‌మెంట్ టవర్ బ్రోషర్‌కి ఫొటో తీశాను. సాయంత్రం ఆరు గంటల వెలుగు, అద్దాల మీద ఆకాశం మొత్తం పడింది, క్లయింట్ అడిగింది కూడా అదే. ఫ్రేములో ఎడమ పక్కన మాత్రం ఒక రాయి ఉంది. చిన్న రాయి కాదు, రెండంతస్తుల ఎత్తు, ఎవరో కూర్చుని పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి మూడు బండలు, వాటి నీడలో నీలం టార్పాలిన్ కప్పిన డేరా, డేరాకీ బండకీ మధ్య కట్టిన తాడు, దాని మీద ఆరేసిన బట్టలు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో మెసేజ్: "అన్నా, సూపర్ వచ్చింది. లెఫ్ట్‌లో ఆ రాయి, డేరా తీసేస్తే ఫైనల్." తీసేశాను. రెండు గంటలు పట్టింది. ఆ జాగాలో పచ్చగడ్డి పరిచాను, నాలుగు పామ్ చెట్లు నాటాను, బిల్లు పంపి పడుకున్నాను.

పదహారేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే నా పని. నగలు, చీరలు, బిర్యానీ, టవర్లు, అప్పుడప్పుడూ కంపెనీ డైరెక్టర్ల మొహాలు. మీరూ ఇదే పనిలో ఉండి, డబ్బు బానే వస్తున్నా "ఇన్నేళ్లలో నా ఫొటో అని చెప్పుకునేది ఒక్కటైనా ఉందా" అని ఏ అర్ధరాత్రో అనిపించి ఉంటే ఇది మీకోసమే. కెమెరా నిన్ననే కొన్నవాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు, చేతిలో పనీ నెలాఖరు టెన్షనూ రెండూ ఉన్నవాళ్లకి రాస్తున్నాను.

తెలుగులో మనకో సౌకర్యం ఉంది. ఫొటో తీయడానికీ, ఫొటోలోంచి ఒకదాన్ని తీసేయడానికీ వాడే మాట ఒకటే. నేను చెప్పేదంతా ఆ మాటలోనే ఉంది: క్లయింట్ మీతో ఏం తీసేయించాడో, అది తీయండి.

పని మానకండి, పంచాంగం చూడండి

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. సొంత పని అనగానే ఆవేశంగా నాలుగు నెలలు షూట్లు ఒప్పుకోవడం మానేశాను. మొదటి నెల బ్రహ్మాండంగా గడిచింది. రెండో నెల ఫోన్ మోగడం తగ్గింది. మూడో నెలకి లెన్సు ఈఎంఐ కట్టడానికి వేరేవాళ్ల పెళ్లి ఆల్బమ్‌లకి ఎడిటింగ్ చేసిపెడుతూ కూర్చున్నాను, అంటే అప్పటిదాకా చేసిన పనికంటే తక్కువ పని, తక్కువ డబ్బుకి. తిరిగొచ్చేసరికి ఎప్పుడూ పిలిచే రెండు షోరూములు ఇంకొకర్ని చూసుకున్నాయి. వాళ్లని తప్పుపట్టలేను. దసరా యాడ్ నాకోసం ఆగదు కదా.

కాబట్టి మానొద్దు. నెలకి రెండు రోజులు తీసిపెట్టుకోండి, అంతే. ఏ రెండు రోజులో పంచాంగం చెప్తుంది, నిజంగానే అంటున్నా. నగల షోరూముల పని అక్షయ తృతీయకి నెల ముందూ, దసరా దీపావళికి ముందూ ముంచుకొస్తుంది. ఆషాఢం సేల్ యాడ్లు జ్యేష్ఠంలోనే తీయించేస్తారు. ఆ తర్వాత ఆషాఢం, మూఢం, పుష్యం వచ్చాయంటే ముహూర్తాలుండవు, పెళ్లిళ్లు తీసేవాళ్లు లైట్లు తుడుచుకుంటూ కూర్చుంటారు. ఆ రోజులు మీవి. క్యాలెండర్లో ముందే గుర్తు పెట్టి, ఎవరైనా డేట్ అడిగితే "షూట్ ఉందండీ" అనండి. అబద్ధమేం కాదు, ఉంది.

ఆషాఢం అనగానే బోనాలు గుర్తొస్తాయి. గోల్కొండలో మొదలై, లష్కర్, తర్వాత లాల్‌దర్వాజా, ఊరంతా పసుపు, పోతరాజులు, డప్పులు. వెళ్లండి, చూడండి, కావాలంటే దండం పెట్టుకోండి. మీ మొదటి సొంత పని మాత్రం అది పెట్టుకోవద్దని నా మాట. అక్కడ ఒక పోతరాజుకి నలభై కెమెరాలుంటాయి, మీది నలభై ఒకటోది అవుతుంది.

పాత హార్డ్ డిస్కుల్లో వెతకండి

చాలామంది కొత్త ఐడియా కోసం రోడ్డున పడతారు. చార్మినార్ దగ్గర తెల్లారగట్ల పావురాలు, ఇరానీ చాయ్ పొగ, వానలో ఆటో. అవన్నీ ఇప్పటికే ఉన్నాయి, మీ ఫోన్లోనే వందసార్లు చూశారు. మీ దగ్గర మాత్రమే ఉన్న సరుకు వేరే ఉంది: మీరు చెరిపేసింది.

ఎలా వెతకాలంటే, ముందు వాట్సాప్ తెరిచి క్లయింట్ల చాట్‌లలో "తీసెయ్", "రిమూవ్", "క్లీన్" అని సెర్చ్ కొట్టండి. వచ్చినవన్నీ ఒక నోటుబుక్కులో పెన్నుతో రాయండి. నా లిస్టులో కరెంటు వైర్లు అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చాయి, అది ఎలాగూ ఊహించిందే. తర్వాత వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ, గోడ మీద పాన్ మరక, సైట్ ఆఫీసు వెనక ఆరేసిన చీరలు, డైరెక్టర్ గారి గడ్డం కింద కోత, బిర్యానీ ప్లేటు అంచున వంటాయన బొటనవేలి ముద్ర, రాళ్లు, రాళ్లు, మళ్లీ రాళ్లు.

రెండో పని, గత మూడేళ్ల షూట్లలోంచి రీటచ్ చేయని ఫైలూ ఫైనల్ ఫైలూ జంటగా తీసి, ఓ యాభై జంటలు నాలుగు బై ఆరు సైజులో ల్యాబ్‌లో మామూలు ప్రింట్లు వేయించండి. హాల్లో నేల మీద పరవండి. స్క్రీన్ మీద చూస్తే కుదరదు, స్క్రీన్ ముందు కూర్చోగానే చెయ్యి తనంతట తనే సరిదిద్దడానికి పోతుంది. నేల మీద పరిచినప్పుడు, ఏ జంట దగ్గర ఫైనల్ కంటే ముందుదే బావుందనిపిస్తుందో, ఏది తీసేసినందుకు కొంచెం సిగ్గుగా ఉంటుందో, అదీ మీ సబ్జెక్టు.

ఒక జంట గురించి చెప్పాలి. లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణానికి క్యాటలాగ్ తీస్తున్నాం. రావాల్సిన హ్యాండ్ మోడల్ రాలేదు. వెనక గదిలో గాజులు చేస్తున్న ఒక అమ్మాయిని పిలిచి, ఆమె చేతికే గాజులు వేసి తీశాం. ఆమె చేసే పని అప్పటిదాకా నేను దగ్గరగా చూడలేదు. బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, చుట్టి, రెండు కొసలూ కలిపి, అది గట్టిపడేలోపు వేడిచేసిన రాళ్లని ఒక్కొక్కటే వేలితో అద్దుతుంది. వేలు కాలకుండా ఆ పని జరగదు. కుడిచేతి చూపుడు వేలు, బొటనవేలు చివర్లు నున్నగా, మెరుస్తూ ఉన్నాయి, రేఖలు అరిగిపోయినట్టు. మణికట్టు దగ్గర చిన్న చిన్న మచ్చలు. గాజుల మెరుపుకి ఫోకస్ పెడితే ఆ మచ్చలు కూడా సూదిమొనలా షార్ప్‌గా పడ్డాయి. దుకాణాయన చూసి, "భాయ్, చేతులు క్లీన్ చేసెయ్" అన్నాడు. హీలింగ్ బ్రష్‌తో పది నిమిషాలు. గాజు చేసిన చెయ్యి పోయింది, గాజు మిగిలింది.

ఆ చేతుల మీద ఎవరైనా ఏడాది పని చేస్తే మంచి సీరీస్ అవుతుంది, తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నన్ను మాత్రం రాళ్లు లాగాయి.

రాళ్లెందుకు అని మా తమ్ముడు ఇప్పటికీ అడుగుతాడు. మన చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మట్టి కింద ఉన్నప్పుడే పగుళ్ల వెంట నీళ్లు దిగి, మూలలు కరిగి, పైమట్టి కొట్టుకుపోయాక ఈ గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి మిగిలాయి, ఎవరూ పేర్చలేదు. దాన్ని నేను కంప్యూటర్లో రెండు గంటల్లో తీసేశాను, బయట ప్రొక్లెయినరూ మందుగుండూ ఉంటే రెండు వారాలు. ఈ రాళ్ల కోసం ఊళ్లో 1996 నుంచీ సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం ఉంది, రాళ్ల మధ్య నడకలు పెడతారు. నాకు ఖాజాగూడ గుట్టల దారులు అలా నడిచే తెలిశాయి. మీ సబ్జెక్టు ఏదైనా సరే, దాన్ని మీకంటే ముందు ప్రేమించినవాళ్లు ఊళ్లో ఎక్కడో ఉంటారు, ముందు వాళ్లని పట్టుకోండి, కెమెరా తర్వాత.

చేతికున్న అలవాట్లు

ఇక్కడే అసలు కష్టం. సబ్జెక్టు మారినంత తేలిగ్గా చెయ్యి మారదు. నేను మొదట తీసిన యాభై అరవై రాళ్ల ఫొటోలు తెచ్చి చూసుకుంటే అన్నిట్లోనూ పైన మూడో వంతు ఖాళీ ఆకాశం ఉంది. ఎందుకో అర్థం కాలేదు. కాసేపటికి వెలిగింది: అది హెడ్డింగ్‌కీ లోగోకీ వదిలిన జాగా! పదహారేళ్లు ఆర్ట్ డైరెక్టర్లకి వదిలీ వదిలీ, రాయికి కూడా వదిలేశాను. నవ్వొచ్చింది, తర్వాత కాస్త భయమేసింది.

ఈ అలవాట్లని ఒక్కొక్కటీ పేరు పెట్టి పట్టుకోవాలి. నీడ కనపడగానే రిఫ్లెక్టర్ కోసం చూడటం ఒకటి. నగల పనిలో నీడంటే తప్పు, అంతా సమంగా వెలగాలి. సొంత పనిలో వెలుగున్న చోటికి ఎక్స్‌పోజర్ పెట్టి నీడని నల్లగా పోనివ్వండి, అందులో ఏముందో చూసేవాడు వెతుక్కుంటాడు. ఎఫ్ 11 పెట్టి ముందునుంచి వెనకదాకా అన్నీ షార్ప్‌గా ఉంచడం ఇంకోటి. ఉదయం ఏడులోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత తప్ప కెమెరా తీయకపోవడం మరొకటి, బంగారు వెలుగు అమ్మకానికి మంచిదే, కానీ మే నెల మిట్టమధ్యాహ్నం ఖాజాగూడలో రాయి తెల్లగా, నీడ లేకుండా, కళ్లు చికిలించేలా ఉంటుంది చూడండి, ఈ ఊరి అసలు వెలుగు అది, ఏ బ్రోషర్లోనూ ఉండదు.

మందు ఏమిటంటే చేతులు కట్టేసుకోవడమే. ఒక బాడీ, ఒక లెన్సు, నాకైతే యాభై ఎంఎం. ఫ్లాష్ ఇంట్లో. ఒక్కసారి వెళ్తే పన్నెండు ఫ్రేములు, పదమూడోది లేదు. ఈ పన్నెండు నేను కనిపెట్టిన లెక్క కాదు, 120 ఫిల్ము రోల్ మీద ఆరు బై ఆరు సెంటీమీటర్ల ఫ్రేము కెమెరాలో పడేవి సరిగ్గా పన్నెండే. ఫిల్ము కొనగలిగితే కొనండి, లేదంటే డిజిటల్ మీదే లెక్కపెట్టుకోండి, పస్తు ఉన్నట్టే ఉంటుంది కానీ నాలుగోసారికి అలవాటవుతుంది. ఇంకో షరతు, ఒకే చోటికి పదిసార్లు వెళ్లాలి. మొదటి మూడుసార్లు పోస్టుకార్డులే వస్తాయి, ఐదోసారికి విసుగొస్తుంది, తీయడానికి ఏమీ లేదనిపిస్తుంది, ఆరోసారి నుంచే నాకు ఏదైనా కనిపించింది. ఇంటికొచ్చాక క్రాప్ చేయొద్దు, క్లోనింగ్ అస్సలొద్దు. వైరు పడిందా, ఉండనివ్వండి.

మనుషులు ఉంటే

రాళ్ల ఫొటోల్లో మనుషులుండరనుకున్నాను. ఎక్కడికెళ్లినా ఉన్నారు. నార్సింగి అవతల ఒక లేఅవుట్‌లో ఒక పెద్దాయన బండ చీలుస్తున్నాడు. వరసగా చిన్న రంధ్రాలు, వాటిలో ఇనుప చీలలు, ఒక్కోదాని మీద సమ్మెటతో ఒక్క దెబ్బ, మళ్లీ మొదటి దానికి. గట్టిగా కొట్టట్లేదు. కొట్టిన ప్రతిసారీ తల వంచి వింటున్నాడు. నేను కెమెరా మెడలోనే వదిలేసి పక్కన కూర్చున్నాను. చప్పుడు టంగ్, టంగ్ అని పలుకుతూ ఉండి, ఒక్కసారిగా మొద్దుగా మారింది. ఆయన సమ్మెట కింద పెట్టి బీడీ వెలిగించాడు. బండ అప్పటికింకా చీలలేదు. ఆ బీడీ సగం అయ్యేసరికి సన్నగా చిటపటమని, పైనుంచి కిందికి దారంలాంటి గీత పడింది.

"తాతా, ఒక ఫొటో తీస్కోనా?" అన్నాను.

"తియ్యి బిడ్డా. గని రాయి సప్పుడు ఇనాలె, ఫొటోల ఏం కనవడ్తది?"

నేను ఆ రోజు తీసింది ఆయన చెవిని, చీలని, కొంచెం రాయిని. ఇప్పటికీ జనం ఎక్కువసేపు ఆగే ఫొటో అదే.

పద్ధతి చిన్నదే. ముందు కూర్చోండి. అడిగి తీయండి, వద్దంటే నవ్వి వచ్చేయండి. మీ మొహంలోనే "షూట్ లేట్ అవుతోంది" అనే హడావుడి ఉంటుంది మనకి, దాన్ని బైకు దగ్గరే వదిలి రండి. తర్వాతిసారి వెళ్లేటప్పుడు ప్రింట్ తీసుకెళ్లి చేతికివ్వండి, వాట్సాప్‌లో పంపడం కాదు. ఫొటోని ఎక్కడ పెడతారో, ప్రదర్శన అంటే ఏమిటో వాళ్ల మాటల్లో చెప్పి, సరేనంటే రెండు లైన్ల కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఇక చార్మినార్, గోల్కొండ లాంటివి ఆర్కియాలజీ వాళ్ల చేతిలో ఉన్నాయి, ట్రైపాడ్ తెరిచారంటే ఆపుతారు, ముందే అనుమతి చూసుకోండి.

మధ్యలో ఒక మాట, కమర్షియల్ పని చేసినవాడికి ఇవన్నీ ఎందుకు అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. మన ఊరి ఫొటోగ్రఫీకి పెద్దదిక్కు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఆ పని మధ్యే కెమెరా పట్టాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో, 1892లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో, దాన్ని నడపడానికి ఒక ఆంగ్ల మహిళ. పక్కా కమర్షియల్. విందులు, వేటలు, దొరల గ్రూప్ ఫొటోలు. అదే స్టూడియో పేరుమీద ఔరంగాబాద్ ప్రాంతంలో కరువు సహాయక పనుల ఫొటోలూ ఉన్నాయి. అదీ ఎవరో చేయమంటే చేసిన పనే అనుకోండి. కానీ విందు తీసిన కన్నే కరువునీ చూసింది, ఈ రెండిటికీ మధ్య గోడ మనం కట్టుకున్నదే. మన కాలంలో చూస్తే, దయానితా సింగ్ పత్రికలకి ఫొటోలు తీస్తూ మొదలై, ఆ పని వదిలి సొంత దారి పట్టి, 2022లో ఫొటోగ్రఫీకిచ్చే అంతర్జాతీయ పురస్కారం హాసెల్‌బ్లాడ్ అవార్డు దాకా వెళ్లింది.

ఏరడం

ఏడాదిలో నా దగ్గర మూడు వందల దాకా ఫ్రేములు చేరాయి. తీసిన వెంటనే ఏరకండి, మూడు నెలలు ఆగండి, ఆ రోజు పడ్డ ఎండా కష్టమూ మర్చిపోతే గానీ ఫొటో ఒక్కటే కనిపించదు. తర్వాత ఓ వంద చిన్న ప్రింట్లు వేసి వంటింటి గోడకి అంటించాను, అక్కడైతే రోజూ చూడక తప్పదని. ఫొటోగ్రాఫర్లని అడగలేదు, వాళ్లు లెన్సు ఏమిటని అడుగుతారు. మా ఆవిడ పోపు వేస్తూ ఒక దాన్ని చూపించి, "ఏమండీ, ఇది ఎవరికి అమ్మడానికి తీశారు?" అంది. అందమైన ఫొటో అది. సూర్యాస్తమయం, రాయి అంచున బంగారు గీత. తీసేశాను. ఆ తర్వాత ప్రతి ఫొటోకీ అదే పరీక్ష పెట్టాను: కింద ఒక బ్యాంకు లోగో ఊహించుకుంటే సరిగ్గా సరిపోతోందా? సరిపోతే పక్కన పెట్టు. వంద కాస్తా ఇరవై రెండయ్యాయి. మంచి ఫొటోలు పోతాయి, పోనివ్వండి, వాటిని క్లయింట్లకి చూపించే వెబ్‌సైట్లో వాడుకోవచ్చు.

ప్రింటు, అసలు తలనొప్పి

మొదటిసారి ఊళ్లో ఒక ల్యాబ్‌కి ఇచ్చాను. రాళ్లన్నీ లేత నీలంగా, నీడలన్నీ తెరుచుకుని వచ్చాయి. ఏమైంది బాబూ అంటే, "డల్‌గా ఉన్నాయని బ్రైట్ చేశాం సార్, ఎక్స్‌ట్రా చార్జ్ లేదు" అన్నాడు పాపం, ప్రేమగా. కాబట్టి ఫైలుతో పాటు "ఆటో కరెక్షన్ వద్దు" అని కాగితం మీద రాసి ఇవ్వండి, మీ ఎదురుగానే ఒక చిన్న ముక్క టెస్ట్ ప్రింట్ వేయించండి.

ఇంట్లో మానిటర్ వెలుగు చదరపు మీటరుకి 120 కాండెలాలు దాటకుండా పెట్టుకుని, కాలిబ్రేట్ చేసుకోండి, అంటే రంగులు సరిగ్గా చూపించేలా సరిచేసుకోండి, లేదంటే ప్రింట్లెప్పుడూ చీకటిగానే వస్తాయి, తప్పు ల్యాబ్ మీద వేస్తాం. వాళ్ల దగ్గర ఆ కాగితానికి సంబంధించిన ఐసీసీ ప్రొఫైల్, అంటే ఆ కాగితం మీద రంగులెలా పడతాయో చెప్పే ఫైలు, అడిగి తెచ్చుకుని సాఫ్ట్ ప్రూఫ్ చూసుకోండి, అంటే ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే ముందు చూసుకోండి. ఇవ్వలేని ల్యాబ్ అయితే ఇంకో ల్యాబ్. 24 మెగాపిక్సెల్ ఫైలు, అంటే 6000 బై 4000, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) దగ్గర దాదాపు 20 బై 13 అంగుళాలు వస్తుంది, మొదటి ప్రదర్శనకి అంతకంటే అవసరం లేదు. గోడంత ప్రింట్ వేస్తే గొప్ప అవుతుందనుకోవడం ఫ్లెక్సీల నుంచి వచ్చిన జబ్బు. కాగితం నాకు 308 జీఎస్ఎం కాటన్ మ్యాట్ నచ్చింది, రాయి గరుకుదనం పలుకుతుంది, కాకపోతే నలుపు అంత గాఢంగా రాదు, గాఢత కావాలంటే కొంచెం మెరుపుండే బరైటా కాగితం చూడండి. సిరా పిగ్మెంట్‌దే అయ్యుండాలి.

ఎడిషన్ అని ఒకటుంటుంది. ఒక్కో ఫొటోకి ఎన్ని ప్రింట్లు అమ్ముతారో ముందే నిర్ణయించి, నేనైతే ఐదు, పైన ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు, అంటే ఆ లెక్కలోకి రాకుండా నా దగ్గర ఉంచుకునే ప్రింట్లు, రెండు, వెనక పెన్సిల్‌తో 1/5 అని రాసి సంతకం చేయడం. ఐదన్నాక ఆరోది లేదు, మేనమామ అడిగినా లేదు. ధరకి సూత్రమేం లేదు, ప్రింటూ ఫ్రేమూ కలిపి అయిన ఖర్చు రాసుకుని, గ్యాలరీ సగం దాకా తీసుకోవచ్చని గుర్తుంచుకుని, తర్వాత సిగ్గుపడకుండా అంకె చెప్పండి.

చూపించడం

బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010 నుంచీ ఉంది, చాయ్, సమోసా, ఎవరూ టై కట్టుకోరు, మొదటిసారి నలుగురి ముందు పెట్టడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలీదు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ పెద్దది. ఇండియన్ ఫొటో ఫెస్టివల్ 2015 నుంచీ మన ఊళ్లోనే జరుగుతోంది, అక్కడ ఊరికే గోడలు చూసి రాకండి, బయటినుంచి వచ్చినవాళ్లకి మీ ప్రింట్లు చూపించి తిట్లు తినండి. డబ్బు సాయానికి బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, గ్రాంట్లిస్తారు, దరఖాస్తు ఇంగ్లిష్‌లోనే ఉండక్కర్లేదు, తెలుగులోనూ రాయొచ్చు.

దరఖాస్తైనా గోడ మీద కాగితమైనా, నూట యాభై మాటల్లో మీ పని గురించి రాయమంటారు. ముందు తెలుగులో రాయండి, మీ అమ్మకి చదివి వినిపించండి. "శూన్యం", "కాలం", "అస్తిత్వం" ఒకే వాక్యంలో కలిసొస్తే కొట్టేయండి. నాది ఇలా మొదలవుతుంది: "నేను బిల్డర్లకి ఫొటోలు తీస్తాను. వాటిలోంచి రాళ్లు తీసేయడం కూడా నా పనే." అంతే రాశాక మిగతాది సులభంగా వచ్చింది.

క్లయింట్లకి దాచక్కర్లేదు. వాళ్లకి వేరే వెబ్‌సైటు ఉంచండి, రెండూ కలపకండి, అడిగితే చెప్పండి. ఒక నగలాయన నా రాళ్లు చూసి, నెక్లెస్‌ని బండ మీద పెట్టి తీద్దామన్నాడు. తీశాను, మంచి డబ్బిచ్చాడు. అది మాత్రం ఇరవై రెండులో లేదు.

మొదటే చెప్పాల్సింది

కాపీరైట్. నాకు ఆలస్యంగా తెలిసింది, మీకైనా ముందు తెలియాలి. ఫొటో నేను తీశాను కాబట్టి నాదే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి మీతో ఫొటో తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి యజమాని ఆ డబ్బిచ్చినవారే. ఉద్యోగంలో ఉండి తీస్తే సాధారణంగా మీ యజమానిది. మీరు మీకోసం తీసింది మీది, మీరున్నంత కాలమూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ. అంటే ఆ పాత హార్డ్ డిస్కులున్నాయే, నేల మీద పరిచి చూసుకోవచ్చు, పాఠం నేర్చుకోవచ్చు, గోడకి పెట్టి అమ్మడానికి మాత్రం రాతపూర్వకంగా అడగాలి. అందుకే ఆ చోటికి మళ్లీ మీ సొంత రోజున, మీ పెట్రోలుతో వెళ్లి తీయమంటున్నాను.

ఇక ముందు పంపే ప్రతి కొటేషన్‌లో ఒక లైను చేర్చండి: "ఈ షూట్‌లోని ఫొటోల కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే. క్లయింట్‌కి ఫలానా ప్రచారానికి, ఫలానా కాలానికి వాడుకునే హక్కు ఇస్తున్నాను." ఒప్పుకోకపోతే కనీసం "ఫైనల్‌లో వాడని ఫ్రేములు ఫొటోగ్రాఫర్‌వి" అని అడగండి, దానికి చాలామంది సరే అంటారు, వాడనివి ఎవరికి కావాలి. రెండు పక్కలా సంతకం ఉండాలి. ఎక్కువ మొత్తం అయితే ఒకసారి లాయర్‌కి చూపించండి.

కోకాపేట రాయి దగ్గరికి నేను ఐదు నెలల తర్వాత నా సొంత రోజున వెళ్లాను. అక్కడ క్లబ్‌హౌస్ పునాది ఉంది, పామ్ చెట్లు కూడా వచ్చేశాయి, నేను పెట్టినవాటికంటే పొట్టివి. రాయి ఉన్న ఫొటో లోకంలో ఒక్కటే ఉంది, నా డిస్కులో, ఆ షూట్‌కి కొటేషన్‌లో ఏ లైనూ రాసుకోలేదు. మార్కెటింగ్ మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను, ఆ రోజు తీసిన ఒరిజినల్ ఫ్రేము నా ప్రదర్శనలో పెట్టుకుంటాను, అనుమతి ఇవ్వండి అని. మంచివాడే, పావుగంటలో జవాబొచ్చింది: "తప్పకుండా అన్నా. కాకపోతే ఆ రాయి తీసేసిన వెర్షన్ పెట్టండి, అదే బావుంటుంది."